స్థలమునకు మహిమ యెక్కడిది?

మన దేశమున స్థలపురాణము లేని యూరు లేదనిన అతిశయోక్తి కాదు. ఏ చిన్న పల్లెకు బోయినను, అచ్చటి పెద్దలలో నొకరు, ఈ చెరువుగట్టున నొక ముని తపస్సు చేసెననియు, ఈ రాతిమీద రాముని పాదము సోకెననియు, ఈ యేటిలో మునిగినవారి పాపములు పోవుననియు చెప్పక మానరు. ఈ కథలలో నిజమెంత, కల్పన యెంత అను విచారణ మాకిప్పు డక్కరలేదు. వాని కన్నిటికిని మూలముగా నొక మంచి భావము కలదు. స్థలము తనంతట తాను గొప్పది కాలేదు. ఎవరో యొకరు అచ్చట నేదో చేసినందున గొప్పదయినది. ముని లేనిదే గట్టునకు కథ లేదు. అయినను కాలము గడచినకొలది మనము మునిని విడిచి గట్టును పట్టుకొందుము. ఏలన, తపస్సు కష్టము. గట్టునకు ప్రదక్షిణము సులభము.

కాబట్టి విచారింపవలసిన ప్రశ్న యిది: ఒక మనుష్యుని జీవితమువలన ఒక స్థలమునకు కలిగిన మహిమ, ఆ మనుష్యుడు పోయిన పిమ్మటను అచ్చటనే యుండునా? ఉండునేని, దాని ముందు నిలిచిన మనము చేయవలసినదేమి?

ఈ ప్రశ్న మాకు గ్రంథములు చదువుటచే కలిగినది కాదు. గడచిన కార్తికమాసములో నొక యాదివారమున, మేమును మా యిరుగుపొరుగువారును గలిసి నెల్లూరినుండి వనభోజనమునకు బయలుదేఱితిమి. పెన్నయొడ్డున, పల్లెపాటికి చేరువను ఒక మామిడితోపు చూచుకొంటిమి. అందొక యుసిరిచెట్టుండుట స్త్రీలకు సంతోషమాయెను. పాత్రలు తోముటకును నీళ్లు మోయుటకును మా యింట పనిచేయు నామెను వెంట తీసికొనిపోతిమి. పులిహోరయు, గుత్తివంకాయ కూరయు, మొలకొలుకుల యన్నమును కడుపునిండ తిని, పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటి పినాకినీ సత్యాగ్రహాశ్రమమును చూడబోయితిమి. 1921వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదిని గాంధిమహాత్ముడు ప్రారంభించిన యాశ్రమమది. మా మనుమరాలు పదియేండ్లది. "తాతయ్యా, గాంధీగారు కూర్చున్నదెక్కడ?" అని యడిగినది. నిజమునకు ఆ చోటేదో మాకును తెలియదు. అయినను తాతగారి గౌరవము నిలుపుకొనుటకై ఒక చోటు చూపితిమి. అది పోయి అచ్చట బాసిపట్టు వేసికొని కూర్చుండి, ఒక నిమిషము కన్నులు మూసికొనినది. తరువాత కన్నులు తెఱచి, "ఇప్పుడేం చేయాలి, తాతయ్యా?" అనినది. మేము నవ్వి, "లేచి దండముపెట్టి రా" అని చెప్పితిమి.

ఆ రాత్రి పడుకొనిన పిమ్మట మా ప్రత్యుత్తరము మాకే రుచింపలేదు. ఆ పిల్ల అడిగినది సరియైన ప్రశ్న. మేము చెప్పినది తప్పించుకొనుమాట.

పల్లెపాటి కథ పెన్నయొడ్డున మొదలయినది కాదు. దాని వేరులు సముద్రములు దాటి, దక్షిణాఫ్రికామీదుగా రష్యాదేశముదాక పోయినవి. కావున మొదట అచ్చటికి పోయి వత్తము.

రష్యాదేశపు సాహిత్యచరిత్ర చదివినవారికి, అందలి మనుష్యులను స్థలములనుండి వేఱుచేసి తలచుట కష్టము. అచ్చటి మహారచయితలకు స్థలములతో గల సంబంధమును మూడు విధములుగా విభజింపవచ్చును. మొదటిది శిక్షగా వచ్చిన స్థలము. పూష్కిను మహాకవిని ప్రభుత్వమువారు 1824లో మిహైలోవ్‌స్కొయె యను తల్లివైపు పల్లెటూరిలో నిర్బంధించిరి. 1826 వఱకు ఆయన అచ్చట నుండెను. దొస్తొయెవ్‌స్కీ మరణదండనపు టంచుదాక పోయి, చివరినిమిషమున శిక్ష మారి, సైబీరియాలోని ఓమ్‌స్కు కారాగృహమున 1850 మొదలు 1854 వఱకు సంకెలలతో నుండెను. ఆ మంచుదిబ్బలలో ఆయన హంతకుల నడుమ పండుకొని, వారిలోను మనుష్యులు కలరని తెలిసికొనెను. రెండవది కోరి పోయిన స్థలము. చేహొవ్ వైద్యుడు, కథకుడు; అప్పటికే క్షయరోగము ఆయన రొమ్మున ప్రవేశించినది. సైబీరియాకు రైలుమార్గమింకను పడని 1890లో, గుఱ్ఱపుబండ్లమీదను పడవలమీదను నెలలతరబడి ప్రయాణముచేసి, ఖైదీల దీవియైన సహాలినునకు పోయెను. రమ్మని పిలిచినవారు లేరు. పొమ్మని పంపినవారు లేరు. అచ్చట మూడునెలలుండి, ఇంటింటికి తిరిగి, వేలకొలది ఖైదీల వివరములను చీటీలమీద తన చేతితో వ్రాసికొనెను. ఇట్లు రష్యాదేశపు మ్యాపులో ఒక మూలనున్న నరకము, చదువుకొన్నవారి మనస్సులోనికి వచ్చి కూర్చున్నది.

మూడవది వారసత్వముగా వచ్చిన స్థలము. అన్నిటికన్న చిక్కైనదిదియే. టాల్‌స్టాయి 1828లో యాస్నాయ పొల్యానా యను తన వంశపు జమీందారీ గ్రామమున పుట్టెను. 'యుద్ధము-శాంతి' వ్రాసినదచ్చట, 'అన్నా కరేనినా' వ్రాసినదచ్చట, 1859లో రైతుబిడ్డలకు బడిపెట్టినదచ్చట. లోకమంతయు ఆ గ్రామమును తీర్థముగా భావించి యాత్రలు చేయుచుండగా, ఆయనకు మాత్ర మా యింట నన్నము గొంతు దిగకుండెను. చుట్టును బీదరైతులు, నడుమ తాను, వడ్డించుటకు సేవకులు! తాను బోధించునది యొకటి, తానున్న యిల్లు చెప్పునది యొకటి. ఈ వేదనను ముప్పదియేండ్లు మోసి, 82వ యేట, 1910 నవంబరులో, ఒక చీకటివేళ ఇల్లువిడిచి వెడలిపోయెను. దారిలో జబ్బుచేయగా అస్తాపొవో యను చిన్న రైలుస్టేషనులో దిగెను. స్టేషనుమాస్టరు తన యిల్లిచ్చెను. వారముదినములు ఆ యింట మంచముమీద నుండి, నవంబరు 20వ తేదిని ప్రాణము విడిచెను. ఆయనకు ఆ స్టేషనుతో పుట్టుకచేతను లేదు, చదువుచేతను లేదు, ఏ సంబంధమును లేదు. అయినను అది తరువాత ఆయన పేరనే పిలువబడినది. యాస్నాయ పొల్యానా యడవిలో ఆయన సమాధి యున్నది: ఒక మట్టిదిబ్బ, దానిమీద గడ్డి. శిలువ లేదు, రాయి లేదు, పేరు లేదు. తనకట్టి సమాధియే కావలెనని ఆయన కోరెను.

ఇందొక వింత గమనింపవలెను. జీవితములో పెక్కేండ్లు నివసించిన యిల్లు ఆయన అంతరాత్మకు శాంతి నీయలేదు. ఏడుదినములుండిన స్టేషను ఆయన పేరు పొందినది. ఇక, ఆయన యాశయమునకు నిజమైన యిల్లు, ఆయన కంటితో చూడని మూడవచోట లేచినది.

ఆ 1910వ సంవత్సరముననే, మే నెలలో, జోహాన్నెస్‌బర్గునకు 21 మైళ్ల దూరమున, కల్లెన్‌బాక్ అను గృహనిర్మాణశిల్పి తాను కొనిన 1100 ఎకరముల తోటను సత్యాగ్రహుల కుటుంబముల నివాసమునకై గాంధీగారికి వదలెను. వారిరువురును దానికి టాల్‌స్టాయి క్షేత్రమని పేరుపెట్టిరి. ఆగస్టు 15వ తేదిని గాంధీగారు ఆ సంగతిని టాల్‌స్టాయికి వ్రాసిరి. సెప్టెంబరు 7వ తేదిని ఆ వృద్ధుడు ప్రేమధర్మమును గూర్చి దీర్ఘమైన ప్రత్యుత్తరము వ్రాసెను. మఱి రెండునెలలకు ఆయన లేడు. టాల్‌స్టాయి తన సొంతగ్రామమున చేయగోరి చేయజాలనిది ఆ క్షేత్రమున జరిగినది. అచ్చట సేవకులు లేరు. అందఱకు నొకటే వంటశాల. వంటయు, వడ్రంగమును, చెప్పులు కుట్టుటయు, దొడ్లు శుభ్రము చేయుటయు నివాసులే చేసికొనిరి. ఊరిలో స్వంతపని యున్నవారు నడచిపోయి నడచివచ్చిరి. అందున్నవారిలో గుజరాతీలు, తమిళులు, ఉత్తరదేశీయులతోపాటు ఆంధ్రులును ఉండిరని గాంధీగారే వ్రాసియున్నారు. హిందువులు, మహమ్మదీయులు, పారశీలు, క్రైస్తవులు ఒక పంక్తిని కూర్చుండి భుజించిరి. మన తెలుగువారు, ఏ పేరులవారో, ఏ యూళ్లవారో, ఆ పంక్తిలో కూర్చుండిరను మాట తలచుకొనిన మాకు మేను పులకించును. తరువాతికాలమున ఆ యిల్లు శిథిలమై పునాదులు మాత్రమే మిగిలినవి. ఇల్లు పోయినను పంక్తి పోలేదు. అది సబర్మతికి వచ్చినది. సబర్మతినుండి పెన్నయొడ్డునకు వచ్చినది.

పల్లెపాటి యాశ్రమమును స్థాపించినవారు సబర్మతిలో గాంధీగారియొద్ద నుండివచ్చిన దిగుమర్తి హనుమంతరావుగారును, చతుర్వేదుల కృష్ణయ్యగారును. వారు సబర్మతినుండి ఇటుకలు తేలేదు. ఒక దినచర్య తెచ్చిరి. ఆశ్రమభవనమునకై దక్షిణాఫ్రికాలో గాంధీగారి మిత్రుడైన పారశీ రుస్తుంజీగారు పదివేల రూపాయలిచ్చిరి. ఎచ్చటి పారశీ వర్తకుడు, ఎచ్చటి పెన్న! ఆయన దానమిచ్చినది నెల్లూరిని చూచి కాదు. తాను మునుపు కన్నులార చూచిన యొక జీవనవిధానమునకు.

స్థలవిషయమున పొణకా కనకమ్మగారి కథ మఱింత విచారణీయము. 1892లో పుట్టి, బాల్యముననే పెండ్లియై, బడికి పోవు భాగ్యములేక, పొట్లపూడి గృహమున తనంతట చదువుకొని కవయిత్రియైన యిల్లాలామె. వందేమాతరపు దినములలో ఆమె హృదయము విప్లవకారులవైపు మొగ్గినది. పల్లెపాటియొద్ద 13 ఎకరముల నేలను ఆమె మొదట కొనినది అట్టి వీరులు తుపాకివిద్య నేర్చుకొనుటకే యని చెప్పుదురు. తరువాత ఆమె మనస్సు అహింసవైపు తిరిగినది. ఆ నేల ఆశ్రమమునకు వచ్చినది. మన్ను మారలేదు, పెన్న మారలేదు, సరిహద్దురాళ్లు మారలేదు. ఒక స్త్రీ మనస్సు మారినది. తుపాకిగుండు పేలవలసినచోట రాట్నము తిరిగినది. స్థలమునకు మహిమ యెక్కడనుండి వచ్చునో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము మాకు కనబడదు. ఆమె అంతటితో నాగలేదు. 1923లో నెల్లూరిలో బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించి, రెండుమారులు కారాగృహమునకును పోయివచ్చెను. తనకు దొరకని బడిని పరుల బిడ్డలకు కట్టించినదామె.

ఇచ్చట కొందఱు ఆక్షేపింపవచ్చును. "స్థలమునకు తనదైన బలము లేదందురా? స్థానబలిమిని గూర్చి వేమన్న చెప్పిన మాట మన పిల్లలకు సైతము వచ్చునే! పెన్నమ్మ నీరు లేనిదే మొలకొలుకులు పండునా? విక్రమసింహపురి లేనిదే తిక్కన భారతము పుట్టునా?" అని. ఈ యాక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. నేల, నీరు, గాలి మనుష్యునికి బలమిచ్చుట నిజమే. కాని అవి యిచ్చునది అవకాశమును, చేయునది మనుష్యుడు. పెన్నయొడ్డున తిక్కనతోపాటు వేలకొలది జనులు ఆ నీరే త్రాగిరి, ఆ యన్నమే తినిరి.

మఱియొక యుదాహరణము మన తీరముననే కలదు. 1626లో ఆంగ్లవర్తకులు దుగరాజపట్టణమున దిగి, తమకు తోడ్పడిన ఆర్ముగ మొదలియారి పేరనే ఆ చోటును ఆర్మగాన్ అని పిలిచి, ఒక వర్తకశాలను కట్టి, దానికి కోటపెట్టి ఫిరంగులు నిలిపిరి. కోరమాండలు తీరమున వారి మొదటి కోట యదియే. లాభము చాలకపోగా, 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసున నేల సంపాదించెను. వర్తకశాల అచ్చటికి తరలినది. రాజ్యమున కంకురార్పణమయిన చోటది. అయినను దానిని చూచుటకు పిల్లలను తీసికొనిపోవు తాతలు మాకు కనబడరు. కారణము సులభము. లాభమునకై వచ్చినవారు లాభముతో పోయిరి. తరువాతివారు తిరిగి చేయదగిన పని యొకటియు అచ్చట విడిచిపోలేదు. ఇందువలన మాకు తోచిన సూత్రమిది: ఏ స్థలమున జరిగిన పని ఇతరులు మరల చేయదగినదో, ఆ స్థలమే మహిమ గలది. మరల చేయువారు లేనప్పుడు ఆ మహిమ క్షీణించును. అది సొత్తు కాదు, అప్పు.

ఇక రెండవ ప్రశ్న. స్థలమునకు మహిమనిచ్చినవారు పేరుగలవారు మాత్రమేనా? పూష్కిను నిర్బంధములో నున్నప్పుడు, ఆ మంచురాత్రులలో ఆయనకు జానపదకథలు చెప్పి మనస్సు నిలిపినది అరీనా రొదియోనొవ్నా యను ముసలి దాది. దాస్యకుటుంబమున పుట్టిన స్త్రీ. ఆమె చెప్పిన కథలు ఆయన కవిత్వమున ప్రవేశించి రష్యనుభాషకే సొత్తయినవి. 1828లో ఆమె చనిపోయెను. ఆమె సమాధి యెక్కడనో నేడెవ్వరికిని తెలియదు. కవి సమాధికి పూలు తెచ్చువారు కోట్లు; దాది మట్టిమీద ఎవరు నడచుచున్నారో!

మన తీరమునందును అట్టివారు కలరు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట పేరు నేడు లోకమంతట మారుమ్రోగుచున్నది. 1971 అక్టోబరులో అచ్చటినుండి మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది మొదలు, చంద్రునిదాక పోయిన వాహనములను మనము గర్వముతో చూచితిమి. ఆ గర్వము న్యాయమైనదే. కాని అంతకుముందు తరతరములుగా ఆ దీవియడవులలో తేనె తీసి, దుంపలు త్రవ్వి, చేపలుపట్టి బ్రదికిన యానాదులు ఆ దీవి స్థలపురాణమున ఏ యధ్యాయములో నున్నారు? ఏ చెట్టు ఏ రోగమునకు మందో, ఏ వాగున ఏ ఋతువున ఏ చేప వచ్చునో వారికి తెలియును. వారినొకప్పుడు ప్రభుత్వము నేరస్థజాతిగా ముద్రవేసినది. వెన్నెలకంటి రాఘవయ్యగారు తన యాయుస్సునంతయు వారి సేవలోను, ఆ ముద్రను తుడుచుటలోను గడపిరి. నేరస్థజాతుల చట్టము 1952లో రద్దయినది. చట్టము పోయినది, చూపు పోయినదా యనునది వేఱు ప్రశ్న. ఆ ప్రశ్నకు మేము చివర మరల రావలసియున్నది.

నామకరణ మనునది మన కాలపు స్థలపురాణము. 2008లో నెల్లూరుజిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరుజిల్లా యని పేరుపెట్టిరి. ఇంతకంటె తగినపేరు మఱియొకటి లేదు. 1952 అక్టోబరు 19న మద్రాసున బులుసు సాంబమూర్తిగారి యింట ఆంధ్రరాష్ట్రమునకై నిరశనవ్రతము పూని, 58 దినములు గడపి, డిసెంబరు 15వ తేది రాత్రి ఆయన దేహము చాలించుటయు, 1953 అక్టోబరు 1న రాష్ట్ర మేర్పడుటయు చిన్నపిల్లలకు తెలిసిన కథ. కాని ఆయన నెల్లూరిలో అంతకుముందే నిరశనవ్రతములు పూనెను. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి దేవాలయమున, నాడు హరిజనులని పిలువబడిన దళితులకు ప్రవేశము కావలెనని ఆయన ప్రాణమునొడ్డెను. తలుపులు తెఱువబడినవి. చెప్పులులేక, గొడుగులేక, హరిజనసేవను బోధించు అట్టలను మెడలో వ్రేలాడవేసికొని నెల్లూరి మండుటెండలో ఆయన వీథులవెంట తిరుగుచుండగా, చూచినవారనేకులు పిచ్చివాడనిరి.

ఈ రెండు నిరశనములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకటి ఢిల్లీవారిని అడిగినది. ఇంకొకటి మనలను అడిగినది. మొదటిదానిలో ఇయ్యవలసినవారు ఇతరులు, పుచ్చుకొనవలసినవారము మనము. రెండవదానిలో ఇయ్యవలసినవారము మనమే. మనము జ్ఞాపకముంచుకొనినది మొదటిది, మఱచినది రెండవది. విగ్రహమునకు పూలమాల వేయునప్పుడు మన నాలుకపై నాడునది రాష్ట్రమే, దేవాలయద్వారము కాదు. మఱపునకు సైతము స్వలాభమెచ్చటనో తెలియును గాబోలు! ఒక మహాపురుషుని జీవితములో మనకు సౌకర్యమైన భాగమును జిల్లాపేరుగా పెట్టుకొని, అసౌకర్యమైన భాగమును ఒక వీథి దేవాలయమున విడిచివచ్చుట పూజ కాదు. అది బాకీ ఎగవేయుటకు నేర్చిన మర్యాద.

చేసినపని మరల చేయకున్న మహిమ నిలువదనుటకు మన జిల్లాలోనే ఇంకొక నిదర్శనము కలదు. దూబగుంట యను పల్లె పేరు 1990కి ముందు జిల్లాలో నెందఱు వినియుందురు? అక్షరాస్యతా యుద్యమమున రాత్రిబడులకు వచ్చిన కూలిస్త్రీలు, ఓనమాలతోపాటు తమ కష్టములకు కారణమును గూడ చదువుకొనిరి. మగవాని కూలి సాయంకాలమున సారాదుకాణమునకు పోవుచున్నదని గ్రహించి, దుకాణమును ఊరనుండి వెళ్లగొట్టిరి. రోశమ్మ మొదలగు నా స్త్రీలను చూచి, 1992లో ఊరూర స్త్రీలు లేచిరి. 1993లో సారాయును, 1995లో సమస్త మద్యములును నిషేధింపబడెను. చదువురాని స్త్రీలు ఒక రాష్ట్రప్రభుత్వముచేత చట్టము చేయించిరి! అంతవఱకు మహిమ పెరుగుచుండెను. 1997లో నిషేధము సడలిపోయెను. నాడు దూబగుంట పేరు చెప్పి ఉపన్యసించినవారెందఱు దాని వెనుక నిలిచిరి? పేరు మిగిలినది, అప్పు మరల పెరుగుచున్నది.

ఇప్పుడు మా వనభోజనమునకు మరలి వచ్చెదము. చదువరులు మమ్ము క్షమింతురుగాక, చెప్పవలసిన దొకటి మిగిలినది. మా యింట పనిచేయు నామె యానాది స్త్రీ. ఆనాడు మేమందఱము ఉసిరిచెట్టుక్రింద పంక్తులుగా కూర్చుండి భుజించితిమి. ఆమె విస్తరి యొక్కటి అవతల మామిడిచెట్టుక్రింద పడినది. ఆమెను అచ్చట కూర్చుండుమని ఎవ్వరును చెప్పలేదు. ఆమెయే పోయి కూర్చున్నది. మాలో నొకరు పోయి వడ్డించివచ్చిరి, నీళ్లు ఎత్తిపోసిరి. అందులో వింత యున్నట్లు మాలో నెవ్వరికిని తోపలేదు. ఒకగంట గడవకముందే మేము లేచి ఆశ్రమమునకు పోయి, అచ్చట అస్పృశ్యతానివారణమును గూర్చి పిల్లలకు చక్కని మాటలు చెప్పితిమి. రెండు చెట్లకు నడుమ దూరము ఇరువది అడుగులుండును. జోహాన్నెస్‌బర్గు పంక్తి సముద్రముదాటి పెన్నయొడ్డుదాక వచ్చినది. ఆ ఇరువది అడుగులు మాత్రము దాటలేకపోయినది.

"ఇప్పుడేం చేయాలి, తాతయ్యా?" అను ప్రశ్నకు ప్రత్యుత్తరము మాకు రాత్రి పడుకొనినప్పుడు దొరకినది. లేచి దండముపెట్టి రమ్మనుట కాదు. లేచి పోయి ఆమెను పంక్తికి పిలుచుకొనిరమ్మని చెప్పవలసియుండెను. టాల్‌స్టాయి బాధయు నిదియే. ఆయనకు తన యింటిలోని రెండు పంక్తులు కనబడినవి, కావున నిద్రపట్టలేదు. మాకు కనబడలేదు, కావున హాయిగా యాత్రచేసి వచ్చితిమి.

మఱునాడు ఆమెను మాతోపాటు భోజనమునకు కూర్చుండుమని అడిగితిమి. ఆమె తలవంచుకొని, "అట్టా అలవాటు లేదయ్యా" అనినది. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుకే అది మమ్ము మఱింత బాధించినది. ఆ యలవాటు ఆమె చేసికొనినది కాదు. తరములుగా మావంటివారు చేసినది. ఒక్కపిలుపుతో అది పోవునని తలచుట మా యమాయకత. పెరటిగోడమీద ఆమెకని విడిగా నొక గ్లాసుండెడిది. మా యిల్లాలు దానిని తెచ్చి తోమి, వంటింటిలోని గ్లాసులలో కలిపినది. ఇప్పుడు వానిలో ఆమెది యేదో మేమును గుర్తుపట్టలేము. ఇది చాల చిన్నపని. దీనితో అప్పు తీరినదని మేమనము. వడ్డీలో నొక దమ్మిడీ జమకట్టితిమి. ఆమె కూలి సరియైనదా, ఆమె కూతురు బడికి పోవుచున్నదా యను లెక్కలు ఇంకను మిగిలియున్నవి. వానిని ఇంటిలో ఒక్కొక్కటిగా విప్పుచున్నారము. అందఱును సుముఖులుగా లేరు. అయినను మాటలు జరుగుచున్నవి.

ఇల్లును ఒక స్థలమే గదా! ఏబదియేండ్ల పిమ్మట మన మనుమలు తమ బిడ్డలకు మన యిండ్ల స్థలపురాణమును చెప్పుదురు. ఇచ్చట తాతగారు కూర్చుండెడివారు, ఇచ్చట అవ్వ వడ్డించెడిది, అని చూపుదురు. "ఆ పంక్తిలో ఎవరెవరు కూర్చునేవారు?" అని ఆ పిల్లలలో నొకతె తప్పక అడుగును. ఆ ప్రశ్నకు చెప్పవలసిన ప్రత్యుత్తరమును మనమే, ఈ కార్తికముననే, సిద్ధపఱచవలెను. యాత్రలకు పోవుట మానవలదు. పిల్లలను పల్లెపాటికి తీసికొనిపొండు, మూలాపేట దేవాలయద్వారమును చూపుడు, దూబగుంట స్త్రీల కథ చెప్పుడు. కాని తిరిగివచ్చునప్పుడు అచ్చటి మన్ను నొసట పెట్టుకొనివచ్చుటతో తృప్తిపడక, అచ్చటి పనిని ఇంటికి తెండు.